నేను దాటించని వాగు

నా ఉద్యోగం తెలుగు పాఠాలు చెప్పడం. అయితే మా చుట్టుపక్కల మండలాల్లో ఎక్కువ మందికి నేను సన్మాన పత్రాలు రాసే మేడంగానే తెలుసు. హెడ్మాస్టరు రిటైరైనా, పోస్టుమాస్టరు బదిలీ అయినా, ఊళ్లో నర్సమ్మ చివరిరోజు టీకాలు వేసి ఇంటికి పోతున్నా ఎవరో ఒకరు బడికి వచ్చి "మేడం, మీరే రాయాల" అనేవారు. కాదనేదాన్ని కాదు. పైన పెద్దక్షరాలతో ఒక శీర్షిక, కింద నాలుగైదు పేరాలు, ప్రతి పేరాకూ ముందు ఒక సంబోధన. విద్యా వినయ సంపన్నా, నిరాడంబర మూర్తీ, ఇలాంటివి. మార్కాపురంలో ఫ్లెక్సీలు వేసే అతను దాన్ని గులాబీల అంచు మధ్య అచ్చువేసి, ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. ఇప్పటికీ కంభం, తర్లుపాడు వైపు కొన్ని ఇళ్లల్లో, టీవీ పైన గోడకు, నా వాక్యాలు వేలాడుతూ కనిపిస్తాయి.

ఆ భాష నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మాది పుల్లలచెరువు వైపు, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. ఇంట్లో మేం మాట్లాడుకునే తెలుగు వేరు, ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేసే తెలుగు వేరు. ఆ రెండో తెలుగు అంటే నాకు చిన్నప్పుడే మోజు పుట్టింది. దాని అర్థం తెలియక ముందే దాని చప్పుడు నోటికి వచ్చేసింది. తర్వాత ట్రైనింగ్ కాలేజీలో నేను "పోయినాడు", "చేసినాడు" అన్నప్పుడల్లా కోస్తా వైపు అమ్మాయిలు ఒకరినొకరు చూసుకుని నవ్వేవారు. ఆ నవ్వు ఆపడానికే నేను సమాసాలు నేర్చుకున్నానేమో. సన్మాన పత్రం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ అమ్మాయిలు వెనక వరుసలో కూర్చుని వింటున్నట్టే ఉండేది. పత్రం కింద నా పేరు ఉండేది కాదు. కానీ అది ఎవరు రాశారో సభలో అందరికీ తెలుసు. అది చాలు నాకు.

మా బడిలో లెక్కల టీచరు నాకంటే చాలా చిన్నది. మార్కాపురం ముస్లిముల అమ్మాయి. భర్తకు బజారులో చెప్పుల దుకాణం ఉంది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఇద్దరం పొద్దున్నే మార్కాపురంలో ఒకే బస్సెక్కి గిద్దలూరు దారిలో ఉన్న మా బడికి పోయేవాళ్లం, సాయంత్రం ఒకే బస్సులో తిరిగి వచ్చేవాళ్లం. ఆమెకు కడుపులో తిప్పుతుందని కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే. నన్ను అక్కా అనేది, నేను పాపా అనేదాన్ని. ఆమె పక్కన కూర్చుంటే నాకు సమాసాలు అక్కర లేదు. మా అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడేదాన్ని. అట్ల, ఇట్ల, పోయినా, వచ్చినా అని. అన్నేళ్లూ బస్సు దిగగానే ఒక భాష, బస్సెక్కగానే ఒక భాష.

పత్రం రాసే ముందు నేను ఆ మనిషి ఇంటికి ఒకసారి వెళ్లేదాన్ని. తోడుకు ఆమెను రమ్మనేదాన్ని. ముందు గదిలో నేను ఆయనతో మాట్లాడుతుంటే, ఆమె వంటింట్లో ఆయన భార్యతో మాట్లాడేది. ఒక పోస్టుమాస్టరు గారి భార్య ఆమెతో అన్నదట, "నిద్దట్లో గూడ పింఛను ముసలమ్మల పేర్లు పిలుస్తాడు తల్లీ ఈయన" అని. అది పత్రంలో పెట్టాను. చదివినప్పుడు ఆ పోస్టుమాస్టరు తల దించుకుని నవ్వుకున్నాడు. బస్సులో ఆమెతో అన్నాను, "పత్రంలో ఒక్క నిజం ఉండాల పాపా. మిగతాదంతా పూలదండే."

ఆ రోజే అనుకుంటాను, ఆమె నాకు మాటిచ్చింది.

"నీది మాత్రం నేనే రాస్తా అక్కా. హెడ్మాస్టరు సారు చెప్పినా సరే, ఎవర్నీ రాయనీయ."

"నీకు దీర్ఘాలు రావు కదే!"

"తప్పులుంటే ఉండనీ. నీ గురించి నాకు తెలిసినంత ఎవురికి తెలుసు?"

ఆ మాట నేను మర్చిపోలేదు. నా సర్వీసు చివరి సంవత్సరంలో అది గుర్తొచ్చినప్పుడల్లా లోపల ఒక తీపి. ఇంతమందికి రాశాను, నా గురించి ఒకరు రాయబోతున్నారు. లెక్కల టీచరు తెలుగు ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. ఒత్తులు పోతాయి, దీర్ఘాలు పోతాయి, వాక్యం మధ్యలో తెగిపోతుంది. ఆ తప్పుల కోసమే ఎదురుచూశాను.

సభ రోజున బడి ఆవరణలో షామియానా వేశారు. మండల పెద్దలు వచ్చారు, పాత విద్యార్థులు వచ్చారు. నా భర్త ముందు వరుసలో కూర్చున్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాక, ఆమె మైకు దగ్గరికి వచ్చి ఫ్రేము కట్టిన పత్రం చేతిలో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"అక్షర తపస్వినీ! మీ అడుగుల సవ్వడిలో మాతృభాష మేల్కొంది..."

ఎంత కష్టపడిందో పాపం అనుకున్నాను. నా కోసం నా భాష నేర్చుకుంది అనుకున్నాను. రెండో పేరాకే నాకు కళ్లు తడి అయ్యాయి. ఒక్క తప్పు లేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పలుకుతోంది.

మూడో పేరాలో ఈ మాటలు వచ్చాయి. ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

"ఒక తుఫాను సాయంత్రాన, ఉగ్రరూపం దాల్చిన వాగు ఒడ్డున బిక్కుబిక్కుమంటున్న ఆరో తరగతి చిన్నారిని భుజాన మోసి, నడుము లోతు ప్రవాహాన్ని దాటించి తల్లి ఒడికి చేర్చిన ఆ క్షణం, పాఠం చెప్పడమంటే పాఠంగా జీవించడమని మాకు నేర్పింది."

చప్పట్లు మోగాయి. మండల పెద్దాయన ఒకరు లేచి నిలబడి నాకు దండం పెట్టారు. నేనూ లేచి దండం పెట్టాను. ఏం చేయాలి మరి? కూర్చున్నాక ఆలోచించాను. ఎప్పుడు? ఏ పిల్ల? ఉన్న జ్ఞాపకాలన్నీ వెతికాను. లేదు.

నాకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు బావిలో పడబోయి తప్పించుకున్న దానిని. ఒకసారి పిల్లల్ని కంభం చెరువుకు విహారానికి తీసుకుపోయినప్పుడు, కట్ట మీద నీళ్ల వైపు కాకుండా పొలాల వైపు అంచునే నడిచాను. నా చెయ్యి పట్టుకుని నడిపించింది ఎవరో కాదు, ఇప్పుడు మైకు ముందు నిలబడి చదువుతున్న మనిషే. పత్రం చదువుతున్నంత సేపూ ఆమె తలెత్తి నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చాక నా భర్త చొక్కా విప్పుతూ అడిగాడు, "వాగు ఎప్పుడు దాటించినావే?"

"దాటించలా."

"మరి?"

"ఎవరన్నా చెప్పినారేమో ఆ పాపకు."

"ఆ పాపకు ఎవరో చెప్పేదేంది? దినామూ నీతోనే ఉండె గదా."

ఆయన దానిని అంతటితో వదిలేశాడు. నేను వదలలేకపోయాను. ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. టీ పెట్టి తెచ్చింది. పిల్లలు బయటికి పోయారు, భర్త దుకాణంలో ఉన్నాడు. అడిగాను. ముందు నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"నేను రాయలేదక్కా. ఫోన్లో ఏఐ ఉంది కదా, దాన్ని అడిగినా."

బడిలో అప్పటికే అందరూ దాన్ని వాడుతున్నారు. పాఠ్య ప్రణాళికలకు, పై అధికారులకు పంపే నివేదికలకు. దాని గురించి నాకు కోపం లేదు. కానీ కప్పు కింద పెట్టేశాను.

"ఎందుకు?"

"కూర్చున్నా అక్కా, ఎన్నోసార్లు కూర్చున్నా. 'మా అక్క మంచిది' అని రాసినా. ఆ తర్వాత ఏం రాయాల్నో తెలీలా."

"అదే చదివింటే సరిపోయేది కదే!"

"నవ్వరా? ఊళ్లో అందరికీ నువ్వు అంత గొప్పగా రాస్తివి. నీకు నేను ఇంతేనా రాసేది అనుకోరా? నీ పాత పత్రాలు నా ఫోన్లో ఉండాయి. అన్నీ దానికిచ్చినా. ఈమె రాసినట్టే ఈమె గురించి రాయి అన్నా. నిమిషం పట్టలా."

అంటే నన్ను ఏడిపించినవి నా వాక్యాలే. ఎవరో రిటైరైన తాసిల్దారు కోసం, ఎవరో నర్సమ్మ కోసం నేను కట్టిన దండలు విప్పి, అవే పూలు మళ్లీ గుచ్చి నా మెడలో వేశారు. సభలో నాకు తెలియలేదు. నా సొంత మాటలను నేనే గుర్తుపట్టలేదు.

"నా గురించి ఏం చెప్పినావు దానికి?"

"తెలుగు టీచరు, పిల్లోలంటే ప్రాణం, మంచి మనిషి అని."

"అంతేనా?"

ఆమె గొంతు తగ్గించి అంది, "ఇంకేం చెప్పాల అక్కా? తర్లుపాడు కాడ బస్సు ఆపించింది చెప్పాల్నా?"

ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, కడుపుతో ఉన్నప్పుడు, బస్సులోనే రక్తం పోవడం మొదలైంది. నేను బస్సు ఆపించి, నా చీర కొంగు ఆమె చుట్టూ కప్పి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. బిడ్డ నిలవలేదు. బడిలో జ్వరమని చెప్పాను. ఆ తర్వాత చాలా రోజులు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, నేను నా మానాన ఏవో కబుర్లు చెబుతూ ఉండేదాన్ని. ఆమె వింటోందో లేదో కూడా తెలిసేది కాదు.

దాన్ని మైకులో చదవడం కుదరదు. అందులో ఆమె తప్పేమీ లేదు. అది నిజమే.

"అది వద్దులే. నేను బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతా కదా, అది చెప్పి ఉండొచ్చు. శనక్కాయలు కొంటే సగం నీ ఒళ్లో పోస్తా కదా, అది చెప్పి ఉండొచ్చు. సరే, ఏమీ చెప్పలేదు. వాగు మాత్రం ఎందుకు ఉంచినావు? నాకు నీళ్లంటే భయమని నీకు తెలీదా?"

"అది బాగుందక్కా. చదవంగానే నాకే ఏడుపొచ్చె. నువ్వు అట్ల చేసే మనిషివే కదా. చేయకపోతే ఏమైంది అనుకున్నా."

ఆ మాట ప్రేమతోనే అంది. కానీ నాకు తగిలింది అక్కడే. పిల్లను భుజాన మోసి వాగు దాటించే మంచి టీచరు ఎవరైనా కావచ్చు. అలాంటి టీచరు దేశంలో ఎన్ని కథల్లో ఉందో, ఆ యంత్రం అన్ని కథలూ చదివి ఉంటుంది. చెరువు కట్ట మీద పొలాల వైపు అంచున వణుకుతూ నడిచిన మనిషిని మాత్రం నేను ఒక్కదాన్నే. నన్ను చెయ్యి పట్టి నడిపించిన మనిషే, ఆ అందరి టీచరును తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టింది. యంత్రానికి నేను ఎవరో తెలియదు, దాన్ని ఏమంటాను? ఈమెకు తెలుసు.

టీ తాగకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు మార్కాపురం కూరగాయల మార్కెట్లో ఒకామె నన్ను ఆపింది. చంకలో బిడ్డ. మా బడిలో చదివిన పిల్లే, ఇప్పుడు పొదిలిలో కాపురం.

"మేడం, వాట్సాప్‌లో పత్రం చూసినా. ఆ రోజు మీరు ఎత్తుకున్నది నన్నే కదా!"

మా వైపు వాగులో నీళ్లు కనపడటమే అరుదు. అయితే ఒక తుఫాను ఏడాది నిజంగానే బడి దగ్గర వాగు పొంగింది. అవతలి ఒడ్డు పిల్లల్ని మా అటెండరు ఒక్కొక్కరినీ ఎత్తుకుని దాటించాడు. నేను ఈ ఒడ్డున వరండాలో నిలబడి, మిగిలిన పిల్లల్ని నీళ్ల వైపు పోకుండా ఆపుతూ, దేవుడికి దండాలు పెట్టుకుంటున్నాను. ఆ అటెండరు ఇప్పుడు లేడు. ఆ రోజు గురించి లెక్కల టీచరుకు తెలియదు కూడా, ఆమె ఇంకా మా బడికి రాలేదు. యంత్రం ఊహించి రాసిన అబద్ధం, తెలియకుండానే, నిజంగా జరిగిన దాని మీద పోయి కూర్చుంది.

"నేను కాదమ్మా. మన అటెండరు," అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "లేదు మేడం. నాకు చీర కొంగు గుర్తుంది. పచ్చ చీర. మీరు ఎత్తుకున్నట్టు పత్రంలో గూడ ఉండె కదా."

"ఆయనేనమ్మా. నేను వరండాలో ఉన్నా."

ఆమె నమ్మలేదు. బిడ్డను సర్దుకుని, నా కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చి లెక్కల టీచరుకు ఫోన్ చేశాను. పత్రంలో ఆ వాగు సంగతి తప్పని పాత విద్యార్థుల గ్రూపులో ఒక ముక్క పెట్టమన్నాను. ఆ అటెండరు చేసిన పని నా పేరు మీదికి వచ్చింది, అది నాకు వద్దు అన్నాను.

"ఇప్పుడెట్ల పెడతా అక్కా? ఏఐతో రాయించి చదివిందని నన్ను అనరా? నాకింకా శానా సర్వీసుంది. హెడ్మాస్టరు ముందర నా పరువేం కావాల?"

"నా పరువో?"

"నీకేమైంది? నీకు మంచి పేరే కదా వచ్చింది."

పత్రం సంగతి కన్నా ఆ మాటకు ఎక్కువ ఏడ్చాను. ఒకటి చేతకాక చేసింది, అర్థం చేసుకోవచ్చు. ఇది చేతనై ఉండి చేయనన్నది.

నేనే గ్రూపులో రాశాను. 'ఆ రోజు పిల్లల్ని వాగు దాటించింది నేను కాదు, మన అటెండరు గారు. నాకు నీళ్లంటే భయం. నేను వరండాలో నిలబడ్డాను.' అంతే రాశాను. ఒక్క సమాసం లేదు. గంటలో నమస్కారాల బొమ్మలతో గ్రూపు నిండిపోయింది. "మీ వినయానికి పాదాభివందనం మేడం" అని ఒకరు. "గొప్పవాళ్లు ఇట్లే ఉంటారు" అని ఇంకొకరు. నేను బతుకులో రాసిన వాటిలోకెల్లా సాదా నిజం అది. దాన్ని ఒక్కరూ నమ్మలేదు. పత్రం అంత బాగుంది మరి.

ఒక మధ్యాహ్నం నా ఫోన్లో నేనే ఆ ఏఐని తెరిచాను. దానితో పోట్లాడాలని ఉందో, దాన్ని పరీక్షించాలని ఉందో నాకే తెలియదు. జీవితమంతా కూలి చేసిన, చదువు రాని ఒక తల్లికి సన్మాన పత్రం రాయమన్నాను. మా అమ్మకు ఎవరూ సన్మానం చేయలేదు, ఆమె పోయి చాలా కాలమైంది. క్షణంలో రాసింది. "అక్షరం రాకున్నా జీవితాన్ని చదివిన మహాతల్లీ!" అని మొదలైంది.

ఆ వాక్యం నాది. అంటే, సరిగ్గా ఆ మాటలతోనే నేను ఎవరి తల్లి గురించో ఒకప్పుడు రాశాను. నా పాత పత్రాలేవీ నేను దానికి ఇవ్వలేదు. దానంతట అదే రాసింది. అప్పుడు తెలిసింది, అది నా వాక్యం అనుకోవడమే పొరపాటు. పాస్టరు గారి నోట విన్నది, కాలేజీలో నేర్చినది, సభల్లో పోగు చేసుకున్నది, అందరిదీ. నేను ఇన్నేళ్లూ నా గుర్తింపు అనుకుని ఏ భాషను మోశానో, దాన్ని ఎవరడిగినా ఇవ్వగలిగే చోటు ఒకటి వచ్చేసింది. నా చేతిలో ఏం మిగిలింది?

ఆ ఫోన్ పక్కన పెట్టి, మా అమ్మ గురించి రాయడానికి కూర్చున్నాను. పెద్ద మాటలు వచ్చినప్పుడల్లా కొట్టేశాను. మిగిలింది ఇది. 'మా యమ్మ శనక్కాయలు ఒలిచేటప్పుడు మాట్లాడేది కాదు. మాట్లాడితే చెయ్యి ఆగిపోతదనేది. నేను పుస్తకం పైకి చదువుతుంటే మాత్రం చెయ్యి ఆపేది. అర్థమైందా అమ్మా అంటే, లేదు గాని చదువు, అనేది.' ఇంతకు మించి రాలేదు. తెలుగు టీచరుగా ఇన్నేళ్లు పని చేసి, అమ్మ గురించి ఇంతే రాయగలిగాను. అయినా అది చదివితే అమ్మ కనిపించింది. 'మా అక్క మంచిది' దగ్గర ఆగిపోయిన లెక్కల టీచరు మీద ఆ రోజు కొంచెం జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు. ఆగిపోయిన చోటే ఉండి ఉంటే నాకు చాలేది.

హెడ్మాస్టరు ఆ తర్వాత ఇంకో రిటైర్మెంటుకు పత్రం రాయమని కబురు చేశాడు. రాయనన్నాను. బాధ పడతాడనుకున్నాను. "పర్లేదు మేడం, మనవాళ్లు ఏఐతో చేస్తార్లే" అన్నాడు.

లెక్కల టీచరుతో మాటలు ఆగిపోలేదు. రంజానుకు వాళ్లింటి నుంచి సేమ్యా పాయసం వచ్చింది, క్రిస్మస్‌కు మేం అరిసెలు పంపాం. మొన్న నా భర్తకు గుండెలో స్టెంటు వేశారు. ఒంగోలు నుంచి ఇంటికి వచ్చిన రోజు ఆమె నుంచి పెద్ద మెసేజీ వచ్చింది. అన్న త్వరగా కోలుకోవాలని, ఈ కష్టంలో నేను ధైర్యంగా ఉండాలని, నా సహనం ఆమెకు ఆదర్శమని. చక్కగా ఉంది. చదివాను, మళ్లీ చదివాను. ఎవరి మాటలో తెలియలేదు. అడగడానికి మనసు రాలేదు. 'సరే పాపా' అని పెట్టాను.

ఆదివారం తనే వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయనకు బత్తాయి ఒలిచి, తొనల మీద పొర కూడా తీసి ఇచ్చింది. ఒకసారి తలెత్తి, "నువ్వు తిన్యావా అక్కా?" అంది. తిన్నానన్నాను. తినలేదు. అదివరకైతే ఆ మాట వెనక ఏముందో నేను వెతికి ఉండేదాన్ని కాదు. ఇప్పుడు ఆమె ముఖం వైపు చూశాను, ఇది మర్యాదకు అందా, నిజంగా అడిగిందా అని. అడిగింది నిజంగానే అయి ఉంటుంది. కానీ అలా ముఖం చూడకుండానే నమ్మే నమ్మకాన్ని ఆ పత్రం నా దగ్గర్నుంచి తీసుకుపోయింది.

చీకటి పడకముందే లేచింది. "వస్తా అక్కా" అంది. "సరే పాపా" అన్నాను. అన్నేళ్లూ ఆమె వచ్చినప్పుడల్లా గేటు దాకా పోయి, సందు మలుపు తిరిగే దాకా నిలబడేదాన్ని. ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు.